చెంచా ఆగే చోటు

“...పడుకోకుండా ఎలా తెలుస్తుందమ్మా నీకు? జావ గొంతులో ఏ పక్కనుంచి దిగుతుందో కుర్చీలో కూర్చునే కనిపెట్టేశావా?”

“రాయడానికి పడుకోవాల్సిన పని లేదండీ. మీరు చెప్పారు, విన్నాను, రాశాను.”

“నేను చెప్పిన జాగ్రత్తలు ఏడు. నువ్వు రాసింది పన్నెండు. మిగతా అయిదూ ఎవరు చెప్పారు, మీ నాన్నా?”

“మా నాన్న ఊసెత్తకండి.”

“ఎత్తనులే. ఆయనైతే పడుకునే రాసేవాడేమో.”

స్టోరు గది తలుపు దగ్గరగా వేసే ఉంది కాని, మాటలన్నీ వరండాలోకి వస్తూనే ఉన్నాయి. అక్కడ గోడవారగా నిలబడి ఏప్రన్లు కట్టుకుంటున్న నలుగురు వాలంటీర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడైన లారీ డ్రైవరు గోడ గడియారం చూసి, “ఇవాళ పావుగంట ముందే మొదలెట్టారు,” అన్నాడు.

లోపలున్న ఇద్దరిలో పెద్దావిడని అందరూ ఆయా అంటారు. ఆ ఆసుపత్రిలోనే ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయాగా చేసింది. రిటైరై పదేళ్లయినా పేరు మారలేదు. రెండో ఆమె సేవా సంస్థ మేనేజరు. ముప్ఫై నిండలేదు. ఆయా ఆమెని ‘ఫైలు పిల్లా’ అని మొహం మీదే పిలుస్తుంది.

పక్షవాతం వచ్చినవాళ్ల వార్డు మొదటి అంతస్తులో ఉంది. ముప్ఫై మంచాలు. భోజనాల బండి పన్నెండింటికి వస్తుంది. ఖాళీ ప్లేట్లు తీసుకుపోవడానికి ముప్పావుగంట తర్వాత మళ్లీ వస్తుంది. చెయ్యి లేవనివాళ్ల ప్లేట్లు ఒకప్పుడు వచ్చినవి వచ్చినట్టే వెళ్లిపోయేవి. ముగ్గురు నర్సులు ముప్ఫై నోళ్లకి చాలరు. తినని ఆ ప్లేట్లు మోయడంలోనే ఆయా ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. మొగుడితో పోట్లాడటానికి కొత్త కారణాలు దొరకని పరిస్థితి వచ్చాక, నాలుగో నెలలో ఒక చెంచా సంచిలో వేసుకుని మధ్యాహ్నం వేళకి వార్డులోకి తిరిగొచ్చింది. ఆమె వెనక ఒకరు, ఇద్దరు, పదిమంది చేరారు. తర్వాత ఒక సేవా సంస్థ వాళ్లందరినీ తన గొడుగు కిందకి తీసుకుంది. ఇప్పుడు ఆమెతో కలిపి ఇరవై మంది. జీతం ఎవరికీ లేదు.

వాళ్లని ఆమె ఎంచుకునే తీరు ఒకటుంది. స్టోరు గదిలో పాత బల్ల ఒకటి ఉండేది. దాని ఒక కోడు పొట్టి. కొత్తగా వచ్చినవాళ్లని దాని మీద పడుకోబెట్టి, మెడ ఒక పక్కకి తిప్పించి, “నోట్లో కుడి సగం నీది కాదనుకో,” అనేది. చెంచాతో జావ పెట్టేది. మొదటి రెండు చెంచాలూ కావాలనే తప్పుగా పెట్టేది: తొందరగా ఒకటి, నిండుగా ఒకటి. ఊపిరాడక లేచి కూర్చున్నవాళ్లతో, “గుర్తుంచుకో. అవతలి మనిషి లేచి కూర్చోలేదు,” అనేది. ఆ తర్వాత తను పడుకుని, చెంచా వాళ్ల చేతికిచ్చేది.

ఉంచినవాళ్ల కంటే పంపేసినవాళ్లే ఎక్కువ. ఒక రిటైరైన హెడ్మాస్టరుతో, “మీరు పాఠం చెబుతున్నారండీ, తిండి పెట్టట్లేదు,” అంది. ఒకావిడ ఏడుస్తూ మెట్లు దిగిపోయింది. లారీ డ్రైవరు మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి వచ్చినప్పుడు, “నీకు పనీ పాటా లేదట్రా?” అంటే, “లేకే వచ్చానక్కా,” అన్నాడు. ఆ రోజు నెగ్గాడు.

ఇదంతా ఎక్కడా రాసి లేదు. ఎవరు ఏ మంచానికి వెళ్లాలో, ఏ మంచం మనిషి ఎడమ బుగ్గలో మెతుకులు దాచుకుంటాడో, ఏ వాలంటీరుకి ఎవరంటే పడదో, అంతా ఆమె తలలోనే ఉండేది.

గడిచిన ఏడాది ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. వాలంటీర్ల నిర్వహణలో నాణ్యతా ముద్ర ఉన్న సంస్థల మనుషుల్నే ఇకమీదట వార్డుల్లోకి రానిస్తారని దాని సారాంశం. గడువు ఏడాది. సంస్థ కమిటీ కంగారుపడి మేనేజరుని పెట్టుకుంది. ఆ అమ్మాయి అంతకుముందు ఒక కొరియరు కంపెనీలో సిబ్బంది విభాగంలో చేసింది. వచ్చిన నెలలోనే అలమరా కొనిపించింది. ఒక్కొక్క వాలంటీరుకి ఒక్కొక్క ఫైలు తెరిచింది. దరఖాస్తు, పని వివరం, ఒప్పందం, ఫిర్యాదు చేసే విధానం, మానేసేటప్పుడు అడిగే ప్రశ్నలు, అన్నీ అందులోనే.

“ఊరికే చేసే పనికి రాజీనామా ఎలా ఇవ్వాలో కూడా రాశావే,” అంది ఆయా.

“మానేసినవాళ్లు ఎందుకు మానేశారో తెలియాలి కదండీ.”

“నా వల్లే మానేశారు. రాసుకో. ఫైలొకటి మిగులుతుంది.”

మేనేజరు రాసుకుంది. నిజంగానే. అప్పటినుంచి ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

నిజానికి ఆయాకి కాగితాలంటే అంత కోపమేమీ లేదు. వార్డులో ముప్ఫై ఏళ్లు చార్టులు చూసిన మనిషి. ఆమె భయపడింది ఒకే ఒక్క కాగితానికి. ప్రతి వాలంటీరు తినిపించే పద్ధతినీ ఏడాదికోసారి మరొకరు దగ్గరుండి గమనించి ఫారం నింపాలి. అందరినీ సమన్వయం చేసే ఆయాకి కూడా మినహాయింపు లేదు. పన్నెండు అంశాలు, ప్రతిదానికీ ‘అవును’, ‘లేదు’ అని రెండు గళ్లు. మొదటి అంశం ఆయా నోటి మాటే. మేనేజరు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది: ‘పెదవికి తగిలేముందు చెంచా ఆగాలి.’

ఆయా కుడి చెయ్యి ఆగడం లేదు.

ఏడాది కిందట మొదలైంది. మొదట్లో సాయంత్రాలే వణికేది. ఇప్పుడు మధ్యాహ్నమూ వణుకుతోంది. ఆమె లోతు చెంచా ఒకటి కొనుక్కుంది. దాన్ని సగమే నింపేది. తుండు పట్టుకునే నెపంతో ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకునేది. తనకి ఆరు మంచాలుండేవి. అయిదింటిని ఒక్కొక్కటే ఇతరులకి వదిలేసింది. పదిహేడో మంచం ఒక్కటే ఉంచుకుంది. అందులో ఉన్నది టైపు నేర్పే పంతులమ్మ. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఆమెకి చెంచా పట్టడం ఒక్కటే ఆయాకి రోజు మొత్తంలో మిగిలిన పని. అదీ పోతే సంచిలో చెంచా ఉన్న మనిషి కాదు తను. వాళ్లనీ వీళ్లనీ కేకలేసే ముసలమ్మ అవుతుంది, అంతే.

రెండు నెలల క్రితం పదిహేడో మంచం దగ్గర చెంచా పంటికి కొట్టుకుంది. జావ అడ్డదారిన పోయింది. పంతులమ్మ దగ్గి దగ్గి కళ్లు ఎర్రబడ్డాయి. నర్సు పరుగెత్తుకొచ్చి లేపి కూర్చోబెట్టింది. ఆయా వెనక్కి తిరిగి, బండితో వచ్చిన వంటమనిషి మీద విరుచుకుపడింది. “జావా ఇది, కుళాయి నీళ్లా? మనుషుల్ని చంపుతావా?”

వంటమనిషి గరిటె ముంచి పైకెత్తి చూపించాడు. జావ గరిటెను పట్టుకుని వేలాడింది. “నీళ్లంటే ఇలాగే ఉంటాయా ఆయమ్మా?” అన్నాడు. ఎవరూ అతని మాట వినిపించుకోలేదు. ఆయా తప్పు చేయడమేమిటని అందరి ధీమా.

ఆ సమయంలో మేనేజరు వార్డు గుమ్మంలో నిలబడి ఉంది.

ఫారాలు ఒక్కొక్కటీ పూర్తయ్యాయి. పంతొమ్మిది. ఇరవయ్యోది ఆయాది. ఒకసారి నడుంనొప్పి అంది, ఒకసారి చుట్టాలొచ్చారంది, మూడోసారి, “నువ్వెవరివి నన్ను చూడటానికి?” అంది. నాణ్యతా ముద్ర ఇచ్చేవాళ్ల పరిశీలకుడు వచ్చే ముందు రోజు మేనేజరు ఆమెని ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేసింది. బల్ల మీద ఒక కాగితం పెట్టింది. పన్నెండు అంశాలకీ ‘అవును’ గడిలో నీలం సిరాతో టిక్కులున్నాయి.

“ఇదేమిటి?”

“మీ ఫారం. సంతకం పెట్టండి.”

“ఎప్పుడు చూశావు నన్ను?”

“చూడలేదు. చూస్తే ఏం రాయాల్సొస్తుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు.” మేనేజరు గొంతు పెంచలేదు. “మీ చెయ్యి సంగతి రెండు నెలల్నుంచి తెలుసు నాకు. వంటాయన్ని అందరి ముందూ తిట్టారు చూడండి, ఆ రోజునుంచీ.”

ఆయా కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఎడమ చెయ్యి వేసింది.

“మరి ఎందుకు ఊరుకున్నావు?”

“మీ మీద ప్రేమతో కాదు. మీ ఒక్క ఫారం కోసం ముద్ర పోతే రేపు పంతొమ్మిది మందీ గేటు బయట నిలబడాలి. మీరు సంతకం పెట్టండి, రేపు ఆయన ముందు నోరు మూసుకుని కూర్చోండి. పదిహేడో మంచం మీకే ఉంటుంది. నేను ఏమీ చూడలేదు.”

“బేరమా?”

“మీరేమన్నా అనుకోండి.”

ఆయా కాగితం తీసుకుని నాలుగు మడతలు వేసింది. “రాత్రి ఆలోచించి పెడతా,” అంది.

“పెన్ను ఇక్కడే ఉంది కదా?”

“నాకు వేరే పెన్నుంది.”

ఇంటికి వెళ్లేసరికి ఇంకా పొద్దుంది. మొగుడు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని చేతిగడియారం ఒకటి విప్పుకున్నాడు. జీవితమంతా గడియారాలు బాగుచేసినవాడు. దుకాణం మూసేసి మూడేళ్లయినా, ఇరుగుపొరుగు తెచ్చిచ్చేవి కాదనడు. లేచి టీ పెట్టి తెచ్చాడు. కప్పు సగమే నింపాడు.

“ఏం, పాలు తక్కువయ్యాయా ఇంట్లో?”

“ఉన్నాయి.”

“మరి నిండా పోయడానికేం?”

అతను వెళ్లి గిన్నె తెచ్చి కప్పు అంచుదాకా పోశాడు. ఆమె సాసరుతో సహా ఎత్తింది. కప్పు సాసరు మీద టకటకా కొట్టుకుంది. టీ వేళ్ల మీదుగా చీర మీదకి కారింది.

“ఏడాదినుంచి సగమే పోస్తున్నాను. ఇవాళ కనబడిందా నీకు?” అన్నాడు మొగుడు.

“చెప్పొచ్చుగా.”

“చెబితే విన్న రోజు ఒకటి చెప్పు.”

“మీ కన్ను మసకేసినప్పుడు నేను చెప్పలేదూ? దుకాణం ముయ్యమని?”

“చెప్పావు. వీధి వీధంతా వినేలా చెప్పావు.” అతను స్టూలు మీదకి తిరిగి వెళ్లి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. “నీ అంత గొంతు నాకు లేదు.”

పరిశీలకుడు మర్నాడు పది గంటలకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. తన నీళ్ల సీసా తనే తెచ్చుకున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు. గంటసేపు ఫైళ్లు తిరగేశాడు. మేనేజరు పక్కనే నిలబడి, అడిగిన కాగితం అడగ్గానే తీసింది. అలమరా అంతా ఆమెకి కంఠతా వచ్చు. ఆయా మూలన కూర్చుని అది గమనించింది. ఈ పిల్ల పనిమంతురాలేనని అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా చిరాకు పుట్టింది.

తర్వాత అతను వాలంటీర్లలో ఎవరితోనైనా మాట్లాడాలన్నాడు. లారీ డ్రైవరు వచ్చి, చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

“మీకు ఈవిడ మీద ఫిర్యాదు ఉందనుకోండి. ఎవరికి చెబుతారు?”

“ఆవిడకే చెబుతానండి.”

“వినకపోతే?”

“వినదండి.”

“అప్పుడేం చేస్తారు?”

“ఇంటికెళ్లి పడుకుంటానండి. మర్నాడు పన్నెండింటికి వస్తాను.”

మేనేజరు గొంతు సవరించుకుంది. డ్రైవరుకి గుర్తొచ్చింది. “ఆ, ఫారం కూడా ఉందండి ఇప్పుడు. నీలం రంగుది. నింపి ఆ పెట్టెలో వెయ్యాలి.” కాస్త ఆగి, “దానికీ వినదు లెండి,” అన్నాడు.

పరిశీలకుడు నవ్వలేదు. రాసుకున్నాడు. తర్వాత పరిశీలన ఫారాలు ఒకటొకటిగా లెక్కపెట్టి తల ఎత్తాడు. “ఇరవై మంది ఉన్నారు. పంతొమ్మిదే ఉన్నాయి.”

మేనేజరు ఆయా వైపు చూసింది. “ఆవిడ దగ్గరుంది. సంతకం కోసం ఇచ్చాను.”

“నా దగ్గరేమీ లేదు,” అంది ఆయా. “నాది ఇంకా జరగలేదు. నేనే దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు చేద్దాం. ఖాళీ ఫారం ఒకటి తియ్యమ్మా.”

“ఇప్పుడా? ఇప్పుడు ఎవరికి తినిపిస్తారు?”

“నీకే. ఏడాదినుంచి పడుకోమంటున్నాగా. నువ్వు పడుకో, నువ్వే గమనించు. ఆయన కూడా చూస్తారు.”

“కుదరదండీ. పద్ధతి ప్రకారం...”

“ఏ పద్ధతిలో కుదరదని ఉంది?” అన్నాడు పరిశీలకుడు. మామూలుగానే అడిగాడు. మేనేజరుకి అలమరాలో ఆ ప్రశ్నకి కాగితం లేదు.

స్టోరు గదిలో బల్ల మీద ఆయా దుప్పటి పరిచింది. వంటింటి నుంచి జావ గిన్నె తెప్పించింది. మేనేజరు చెప్పులు వదిలి, బల్ల ఎక్కబోతూ ఆగిపోయింది. ఎప్పుడూ ఊగే బల్ల ఆ రోజు ఊగలేదు. పొట్టి కోడు కింద నాలుగు మడతల కాగితం ఒకటి దోపి ఉంది. మడత అంచున నీలం టిక్కులు రెండు కనిపిస్తున్నాయి. ఆమె ఆయా మొహంలోకి చూసింది. ఆయా చెంచా తుడుచుకుంటోంది.

“పడుకో,” అంది. “మెడ ఎడమకి తిప్పు. కుడి సగం నీది కాదనుకో.”

ఆమె సంచిలోంచి తీసింది లోతు చెంచా కాదు, పాతది. నిండా ముంచింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. గిన్నె నుంచి నోటిదాకా జానెడు దూరం. చెంచా సగం దారిలో వణకడం మొదలెట్టింది. పెదవి దగ్గర ఆగలేదు. రెండుసార్లు పంటికి తగిలింది. జావ గడ్డం మీదుగా మేనేజరు మెడలోకి కారింది. కొంత గొంతులో పడింది. ఆమె దగ్గుతూ లేవబోయింది. ఆయా భుజం పట్టుకుని ఆపింది.

“అవతలి మనిషి లేచి కూర్చోలేదు.”

మేనేజరు పడుకునే దగ్గింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో చెంచా కూడా అంతే. మూడోది పెట్టాక ఆయా గిన్నె కింద పెట్టేసింది.

“ఇప్పుడు లే. రాయి.”

మేనేజరు కాలరు తుడుచుకుంటూ బల్ల అంచున కూర్చుంది. అట్ట మీద ఫారం పెట్టుకుంది. పరిశీలకుడు ఆమె వెనక నిలబడి ఉన్నాడు. ఆమె పెన్ను మొదటి అంశం దగ్గర గళ్ల మధ్య చాలాసేపు ఉంది.

“కుడి గడిలో వెయ్యి,” అంది ఆయా. “‘లేదు’ అని ఉంది చూడు, నువ్వు అచ్చేయించిందే.”

మేనేజరు వేసింది. రెండోది, మూడోది అవును. ఏడో దగ్గర ఆగి, “జావ వేడి చూసుకోలేదు మీరు,” అంది కసిగా.

“చూసుకోలేదు. వెయ్యి.”

పన్నెండింటిలో మూడు ‘లేదు’లు పడ్డాయి. ఆయా కింద సంతకం చేసింది. సంతకం కూడా వంకరగానే వచ్చింది. పరిశీలకుడు ఫారం తీసుకుని చదివాడు.

“‘లేదు’ అని వస్తే మీ పద్ధతి ప్రకారం ఏం చేస్తారు?”

“మళ్లీ శిక్షణ ఇవ్వాలి,” అంది మేనేజరు. “ఆరు వారాల్లో మళ్లీ గమనించాలి. ఈలోపు రోగులకి తినిపించకూడదు.”

“శిక్షణ ఎవరిస్తారు?”

శిక్షణ ఇచ్చేది ఆయా ఒక్కతే అని ఆ ఫైళ్లలో ఇరవై చోట్ల రాసి ఉంది.

అతను బ్యాగు సర్దుకుని వెళ్లాక, గదిలో ఇద్దరే మిగిలారు.

“సంతోషమా?” అంది మేనేజరు. “నా నోట్లో మట్టి కొట్టారు. పంతొమ్మిది మంది నోట్లో కొట్టారు.”

“నీ నోట్లో కొట్టింది జావ. ఎలా ఉందో తెలిసిందిగా?”

“మీరు సంతకం పెట్టేస్తే సరిపోయేది.”

“పంతులమ్మ గొంతుకి సరిపోయేది కాదు.”

“అదేదో రెండు నెలల కిందట తెలియాల్సింది మీకు. వంటాయన్ని తిట్టకముందు.”

ఆయా వంగి, బల్ల కోడు కింది కాగితం లాగి మేనేజరు చేతిలో పెట్టింది. బల్ల మళ్లీ ఊగింది.

నాణ్యతా ముద్ర ఆ తర్వాత నెలలో వచ్చింది. రెండు షరతులు పెట్టారు: శిక్షణ ఇచ్చేవాళ్లు ఇంకొకరు ఉండాలి, బల్ల కోడు బాగుచేయించాలి. ఆ కాగితానికి చట్రం కట్టించి ఎక్కడ తగిలించాలన్న దాని మీద మేనేజరూ ఆయా మూడు రోజులు మాట్లాడుకోలేదు. వంటమనిషికి ఆయా క్షమాపణ చెప్పిందని డ్రైవరు అంటాడు. వంటమనిషి మాత్రం, “క్షమాపణా? గరిటె ఇలా తే అని లాక్కుని, చిక్కగానే ఉందిలే అని పోయింది,” అంటాడు.

పరిశీలకుడు వచ్చిన ఆ రోజుకి వస్తే, భోజనాల బండి సరిగ్గా పన్నెండింటికే వచ్చింది. వరండాలో వాలంటీర్లు వరసగా నిలబడ్డారు. ఆ వేళ ఎవరు ఏ మంచానికి వెళ్లాలో ఆయా రోజూ అక్కడే చెబుతుంది. కాగితం చూడదు. మేనేజరు మెడ దగ్గర తడి మరకతో, అట్ట పట్టుకుని, రోజూ లాగే వెనకాలే నిలబడి రాసుకుంటోంది.

“మూడు, నాలుగు నువ్వు. ఎడమ బుగ్గ చూసుకో. తొమ్మిది నువ్వు, తొందరపడకు, ఇవాళ అతనికి నీరసంగా ఉంది. పన్నెండు, పదమూడు...” అంటూ వరస చివరికి వచ్చింది. లారీ డ్రైవరు ఏప్రను ముడి సరిచేసుకుంటున్నాడు. ఆయా సంచిలోంచి పాత చెంచా తీసి అతని చేతిలో పెట్టింది.

“పదిహేడు నీది. ఇవాళ్టికి కాదు, రోజూ. ఫైలు పిల్లా, రాసుకో. ఇకమీదట నాకు మంచాల్లేవు.”